నేర్చుకునే సైన్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

సైన్యంలో చేరాలనుకునే కుర్రాళ్లు, వాళ్ల తల్లిదండ్రులు, పదవీ విరమణ చేసిన సైనికులు, నిర్వహణ శాస్త్రం చదివే విద్యార్థులు తరచూ అడిగే ప్రశ్నలివి. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని ‘మిలిటరీ మాధవరం’ అని పిలుచుకునే నేల మనది. ఇంటికొకరు యూనిఫాం వేసుకున్న ఊళ్లు మనకున్నాయి. ఒక సైన్యం తన తప్పు నుంచి నేర్చుకుంటుందా లేదా అన్నది అలాంటి ఇళ్లకు ఊసుపోక మాట్లాడుకునే విషయం కాదు. అందుకే కొన్ని జవాబులు కాస్త పొడుగయ్యాయి.

సైన్యంలో రోజూ శిక్షణ ఉంటుంది కదా, మళ్లీ ‘నేర్చుకునే సంస్థ’ అనడం దేనికి?

శిక్షణ అంటే తెలిసినదాన్ని కొత్తవాడి చేతిలో పెట్టడం. రైఫిల్ విప్పి బిగించడం, మ్యాపు చదవడం, రాత్రి గస్తీ తిరగడం, ఇవన్నీ ఎవరో ఎప్పుడో నేర్చుకుని పుస్తకంలోకి ఎక్కించినవే. ఆ పుస్తకమే పాతబడిపోతే? శత్రువు మారి, ఆయుధం మారి, నేల మారితే, ఎంత బాగా శిక్షణ ఇస్తే మనవాళ్లు అంత కచ్చితంగా తప్పు చేస్తారు. ఆ పుస్తకాన్ని ఎప్పటికప్పుడు దిద్దుకునే ఏర్పాటు ఉన్న సైన్యాన్ని నేర్చుకునే సంస్థ అంటాం. ఈ మాట 1990ల్లో నిర్వహణ శాస్త్రం వాళ్ల ద్వారా వాడుకలోకి వచ్చింది. పని మాత్రం అంతకంటే చాలా పాతది.

నేను వాడే కొలత ఒకటే. ఇవాళ ఒక కొండ మీద ఒక జవాను కనిపెట్టిన విషయం, వచ్చే నెల ఇంకో కొండ ఎక్కబోయే జవానుకు అందుతుందా? అందకపోతే రెండోవాడు అదే పాఠాన్ని మళ్లీ తన రక్తం పోసి కొనుక్కోవాలి.

ప్రతి యుద్ధం తర్వాతా నివేదిక రాస్తారు కదా, అది నేర్చుకోవడం కాదా?

కాదు. రాసుకోవడం వేరు, నేర్చుకోవడం వేరు. పద్ధతి మారినప్పుడే నేర్చుకున్నట్టు.

1962లో చైనా చేతిలో దెబ్బ తిన్నాక లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్, బ్రిగేడియర్ పి.ఎస్. భగత్ కలిసి మన సైన్యం ఎక్కడ తప్పటడుగు వేసిందో పరిశీలించారు. 1963లో నివేదిక ఇచ్చారు. అరవై ఏళ్లు దాటినా ప్రభుత్వం దాన్ని బయటపెట్టలేదు. 2010లో కూడా రక్షణ మంత్రి పార్లమెంటులో అది సున్నితమైనదనీ, ఇప్పటికీ సైనిక విలువ ఉన్నదనీ అన్నారు. 2014లో ఒక విదేశీ పాత్రికేయుడు అందులో కొంత భాగాన్ని ఇంటర్నెట్‌లో పెట్టాకే చాలామంది మన అధికారులు ఆ పేజీల ముఖం చూశారు. 1962 తర్వాత సైన్యం మారలేదని నేననడం లేదు. కొత్త పర్వత డివిజన్లు లేచాయి, 1967లో సిక్కిం సరిహద్దులోని నాథు లా కనుమ దగ్గర చైనాకు గట్టిగా జవాబిచ్చాం. కానీ ఆ ఓటమికి కారణాలను విడమరచిన కాగితం, వాటిని అందరికంటే ముందు చదవాల్సిన యువ అధికారుల చేతికి రాలేదు. ఇది నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం. పొరుగు దేశమూ ఇందులో మనకు తీసిపోలేదు. 1971 ఓటమి మీద పాకిస్తాన్ వేసిన హమూదుర్ రహమాన్ కమిషన్ నివేదిక 2000 దాకా చీకట్లోనే ఉంది.

కార్గిల్ దగ్గరికి వచ్చేసరికి మనం మెరుగుపడ్డాం. యుద్ధం ముగిసిన కొద్ది రోజులకే, 1999 జులై ఆఖరులో, కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన సమీక్షా కమిటీ ఏర్పడింది. కొన్ని భాగాలు తొలగించినా నివేదికను 2000 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందు పెట్టారు. చెప్పినవాటిలో చాలా జరిగాయి కూడా: త్రివిధ దళాల ఉమ్మడి సిబ్బంది, రక్షణ నిఘా సంస్థ. కానీ 2001లో మంత్రుల బృందం సిఫారసు చేసిన చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ (మూడు దళాల సమన్వయం చూసే అధికారి) పదవికి మొదటి అధికారి వచ్చింది 2020 జనవరి 1న. సిఫారసుకీ అమలుకీ నడుమ ఒక తరం అధికారులు చేరి సగం సర్వీసు పూర్తిచేశారు.

ఓడినవాళ్లే నేర్చుకుంటారా?

ఓటమి తలుపు తీస్తుంది, లోపలికి నడవాల్సింది మాత్రం మనమే. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత రెండు సైన్యాలను పక్కపక్కన పెట్టి చూడండి. ఓడిన జర్మనీలో జనరల్ ఫాన్ జెక్ట్ 1919 డిసెంబరు 1న ఆదేశమిచ్చి 57 కమిటీలు వేశాడు. నాలుగు వందల మందికి పైగా అధికారులు వాటిలో కూర్చున్నారు. ఆయన అడిగిన ప్రశ్నలు బాగుంటాయి: యుద్ధానికి ముందు మనం ఊహించని పరిస్థితులు ఏవి వచ్చాయి? వాటి ముందు మన పాత అభిప్రాయాలు నిలిచాయా? కొత్త ఆయుధాల వల్ల ఏ కొత్త పద్ధతులు పుట్టాయి? ఇంకా జవాబు దొరకని సమస్యలేమిటి? ఈ చివరి ప్రశ్న నాకు చాలా ఇష్టం. మనకు తెలియనిదేమిటో రాసి పెట్టుకోమని పై అధికారే చెప్పడం అరుదు.

గెలిచిన బ్రిటన్ అలాంటి పనికి పూనుకున్నది 1932లో, యుద్ధం ముగిసిన పద్నాలుగేళ్లకు. ఆ కమిటీ నిజాయతీగానే రాసింది. కింది అధికారులకు పంచేనాటికి మాత్రం ఘాటైన మాటలు మెత్తబడ్డాయి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా దాటలేను. జర్మన్ సైన్యం ఎలా పోరాడాలో అద్భుతంగా నేర్చుకుంది. ఎందుకోసం పోరాడుతున్నామన్నది మాత్రం ఆ కమిటీల్లో ఏదీ అడగలేదు. అంత నేర్చిన సైన్యం చివరికి నాజీల చేతిలో పనిముట్టయింది. యుద్ధతంత్రం నేర్చుకోవడం, వివేకం నేర్చుకోవడం ఒకటి కావు.

ఒక పెద్ద సైన్యం నిజంగా తన తీరు మార్చుకున్న ఉదాహరణ ఉందా?

వియత్నాం తర్వాతి అమెరికా సైన్యం. నాకు తెలిసినంతలో ఇంత పెద్ద మార్పు ఇంత వివరంగా నమోదైన ఉదాహరణ మరొకటి లేదు.

1973 నాటికి ఆ సైన్యం చితికిపోయి ఉంది. మాదకద్రవ్యాలు, క్రమశిక్షణ లేమి, ఎవరూ ఎవరినీ నమ్మని వాతావరణం. ఆ జులైలో శిక్షణకూ యుద్ధ సిద్ధాంతానికీ విడిగా ఒక కమాండ్ పెట్టి, జనరల్ విలియం డిపుయ్‌కి అప్పగించారు. మూడు నెలలకే అరబ్బు దేశాలకూ ఇజ్రాయెల్‌కూ యుద్ధం వచ్చింది. రెండు మూడు వారాల్లో రెండు పక్షాలూ కలిపి పోగొట్టుకున్న ట్యాంకులు ఐరోపాలో అమెరికా ఉంచిన మొత్తం ట్యాంకుల కంటే ఎక్కువ. ఇతరుల యుద్ధాన్ని చూసి నేర్చుకోవడం ఎలాగో డిపుయ్ అక్కడ చూపించాడు. మనుషుల్ని పంపి, ఆ రణరంగాలు నడిపించి, ఇజ్రాయెలీ అధికారులతో మాట్లాడించి, ఆ వివరాలతో తన సైన్యం చదివే పుస్తకాలు తిరగరాయించాడు.

అసలు మలుపు 1980లో. కాలిఫోర్నియా మొజావీ ఎడారిలో ఫోర్ట్ ఇర్విన్ దగ్గర సుమారు 2,600 చదరపు కిలోమీటర్ల మేర జాతీయ శిక్షణ కేంద్రం పెట్టారు. అక్కడ శాశ్వతంగా ఉండే ఒక దళం ఆ రోజుల్లో సోవియట్ పద్ధతిలోనే పోరాడేది. వచ్చిన బెటాలియన్‌ను ఓడించడమే దాని పని. తుపాకులకు లేజర్ పరికరాలు, ఒంటికి వాటిని పట్టే జాకెట్లు. తగిలితే బీప్‌మని మోగుతుంది, ‘చచ్చినట్టే’. ఏ ట్యాంకు ఎప్పుడు ఎక్కడ ఉందో నమోదవుతుంది కాబట్టి తర్వాత బుకాయించడానికి వీల్లేదు. ప్రతి కమాండర్ వెంట ఒక పరిశీలకుడు నీడలా తిరుగుతాడు.

వచ్చిన బెటాలియన్లలో ఎక్కువ భాగం ఓడిపోయేవి. అదే కావలసింది. ఆ ఎడారిలో ఓడితే ఎవరూ చావరు. పోరు ముగిసిన కాసేపటికే, ఒంటి మీద దుమ్ముతో, కర్నల్ నుంచి ప్లటూన్ సార్జెంటు వరకు కూర్చుని ఏం జరిగిందో మాట్లాడుకునేవారు. దీన్నే ‘ఆఫ్టర్ యాక్షన్ రివ్యూ’ అంటారు. 1991 ఫిబ్రవరి 26న ఇరాక్ ఎడారిలో ఇసుక తుపానులో ఒక అమెరికన్ అశ్విక దళ (పేరుకే అశ్వికం, నడిపేది ట్యాంకులు) కంపెనీ 23 నిమిషాల్లో 28 ఇరాకీ ట్యాంకులను ధ్వంసం చేసింది, తన వైపు ఒక్క ప్రాణం పోలేదు. మంచి ట్యాంకులు, రాత్రి చూపు పరికరాలు సాయపడ్డాయి, నిజమే. కానీ శత్రువు హఠాత్తుగా ఎదురైన ఆ క్షణంలో ఆదేశం కోసం ఆగకుండా కదలడం యంత్రం నేర్పేది కాదు.

ఆ ‘ఆఫ్టర్ యాక్షన్ రివ్యూ’ అంటే ఏమిటి? ఎలా చేస్తారు?

మనవాళ్లు డీబ్రీఫ్ అనే దానికి, అంటే పని ముగిశాక జరిగింది చెప్పుకునే సమావేశానికి, దగ్గర బంధువు. కాకపోతే మామూలు డీబ్రీఫ్‌లో పెద్దాయన మాట్లాడతాడు, మిగతావాళ్లు వింటారు. ఇందులో పోరాడినవాళ్లే మాట్లాడతారు, నడిపేవాడు ప్రశ్నలు మాత్రం వేస్తాడు. ప్రశ్నలు నాలుగే. ఏం జరగాలనుకున్నాం? ఏం జరిగింది? ఎందుకలా జరిగింది? వచ్చేసారి ఏది అలాగే ఉంచాలి, ఏది మార్చాలి?

చూడటానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. మొదటి ప్రశ్న దగ్గరే సగం సభలు కూలిపోతాయి. ఏం జరగాలనుకున్నామో పదిమందిని అడిగితే పది జవాబులు వస్తాయి. కమాండర్ మనసులో ఉన్న ఉద్దేశం కింది సెక్షన్‌కు చేరనే లేదని అక్కడే తెలిసిపోతుంది. శాండ్ మోడల్ (ఇసుకతో చేసిన రణరంగ నమూనా) దగ్గర అందరూ తలూపారు, ఎవరూ అర్థం కాలేదని అనలేదు. ఈ ఒక్క సంగతి బయటపడినా ఆ రోజు సమీక్ష సఫలమైనట్టే.

రెండో ప్రశ్నకు వాస్తవాలు కావాలి, అభిప్రాయాలు కాదు. ఎన్ని గంటలకు బయల్దేరాం, రేడియో ఎప్పుడు ఆగింది, మొదటి తూటా ఎటునుంచి వచ్చింది. వరసగా చెప్పించాలి, అట్టడుగు ర్యాంకు నుంచి మొదలుపెట్టాలి. సీఓ, అంటే కమాండింగ్ ఆఫీసర్, ముందే తన కథ చెప్పేస్తే ఆ తర్వాత మాట్లాడే ప్రతివాడి కథా ఆ కథలాగే తయారవుతుంది. మూడో ప్రశ్న దగ్గర ‘ఎవరు’ అనే మాట రాకుండా ‘ఎందుకు’ను పట్టుకుని కూర్చోవాలి. సిగ్నల్ జవాను బ్యాటరీ మార్చలేదు. ఎందుకు మార్చలేదు? అదనపు బ్యాటరీ లేదు. ఎందుకు లేదు? బరువు తగ్గించమన్నారు. అలా తవ్వుకుంటూ పోతే చివరికి ఆ బరువు లెక్క రాసినవాడి బల్ల దగ్గర తేలుతుంది.

నాలుగో ప్రశ్నకు దొరికే జవాబులు రెండో మూడో చాలు. ఇరవై అంశాల పట్టిక రాసుకున్న యూనిట్ ఒక్కటీ చెయ్యదు.

కింది ర్యాంకువాడు పై అధికారి తప్పు ఎత్తి చూపితే క్రమశిక్షణ ఏమవుతుంది?

ఈ ప్రశ్న అడిగేవాళ్ల భయం నాకు అర్థమవుతుంది. మన ఇళ్లలోనే పెద్దవాళ్ల ముందు నోరు విప్పితే ‘ఎదురు మాట్లాడుతున్నావా?’ అంటారు. అలాంటి ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు సుబేదార్ సాబ్ తప్పు చెప్పమంటే నాలుక పిడచకట్టుకుపోతుంది.

కానీ క్రమశిక్షణకు వేళ ఉంటుంది. కొండ ఎక్కుతున్నప్పుడు ఆదేశమంటే ఆదేశమే. దిగొచ్చి కూర్చున్నాక, ఆ గంటసేపు, నిజం చెప్పడమే ఆదేశం. పరిశీలకులు రాసిందీ, ఆ కేంద్రాల నుంచి తిరిగొచ్చిన అధికారులు చెప్పిందీ ఒకటే: తన తప్పును తనే ముందు ఒప్పుకున్న కమాండర్ మీద జవాన్లకు గౌరవం పెరిగింది. వాళ్లకు ఆ తప్పు ముందే తెలుసు. దెబ్బ తగిలింది వాళ్లకే కదా.

తప్పు చేసినవాడికి మరి శిక్ష ఉండదా?

ఉంటుంది, కానీ వేరే గదిలో. దోషిని తేల్చడానికి కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ ఉంది. నేర్చుకోవడానికి సమీక్ష ఉంది. రెండిటినీ ఒకే కుర్చీలో కూర్చోబెడితే సమీక్ష చచ్చిపోతుంది. ఇవాళ నేను చెప్పిన మాట రేపు నా మీద సాక్ష్యం అవుతుందని తెలిస్తే ఎవరు నోరు విప్పుతారు?

దానికి తోడు అధికారి పనితీరు మీద పైవాళ్లు రాసే వార్షిక రహస్య నివేదిక, అదే ఏసీఆర్. ఒక్క మచ్చ పడితే పదోన్నతి పోతుందనే భయం ఉన్నచోట అధికారి కొత్తది ప్రయత్నించడు, జరిగిన పొరపాటు చెప్పడు. తప్పు అసలు జరగనట్టే ఉండాలనే ఈ జబ్బుకు మన సైనికులే ‘జీరో ఎర్రర్ సిండ్రోమ్’ అని పేరు పెట్టుకున్నారు. నా దృష్టిలో ఏ సైన్యంలోనైనా సంస్కరణ మొదలవ్వాల్సింది ఇక్కడే. కొత్త శిక్షణ కేంద్రం కట్టడం తేలిక. పొరపాటు ఒప్పుకున్న మేజర్‌కు పదోన్నతి ఇచ్చి చూపించడం కష్టం. కావాలని చేసిన తప్పు, నిర్లక్ష్యం, అబద్ధం, వీటికి శిక్ష పడాల్సిందే. మంచి ఉద్దేశంతో చేసిన ప్రయత్నం బెడిసికొట్టడం వాటి జాబితాలో చేరకూడదు.

ఒకే యుద్ధంలో ఒకరు నేర్చుకుని ఇంకొకరు నేర్చుకోకపోవడం జరుగుతుందా?

జరిగింది. వియత్నాం గగనతలంలో 1965 నుంచి 1968 వరకు అమెరికా నౌకాదళ పైలట్లు తమ విమానం ఒకటి పోతే శత్రువువి రెండుకు కొంచెం ఎక్కువగా కూల్చేవారు. అంత ఖరీదైన విమానాలకు అది సిగ్గుపడే లెక్క. నౌకాదళం కెప్టెన్ ఫ్రాంక్ ఆల్ట్‌ను కారణాలు వెతకమంది. ఆయన క్షిపణుల తయారీ నుంచి పైలట్ల శిక్షణ దాకా అన్నీ తవ్వాడు. ఫలితంగా 1969 మార్చిలో కాలిఫోర్నియాలోని మిరమార్‌లో టాప్ గన్ పాఠశాల మొదలైంది. శత్రు విమానాల్లాగా ఎగిరే విమానాలతో పోరు, దిగాక గంటల తరబడి డీబ్రీఫ్.

వైమానిక దళం విమానాల్లో, క్షిపణుల్లో మార్పులు చేసుకుంది కానీ శిక్షణ తీరు మార్చుకోలేదు. 1972లో గగన యుద్ధం మళ్లీ ముదిరాక నౌకాదళం లెక్క ఒకటికి పన్నెండు దాకా ఎగబాకింది. వైమానిక దళం లెక్క పాతచోటికి దగ్గరలోనే ఉంది. అదే ఆకాశం, అదే శత్రువు. ఆ తర్వాత వైమానిక దళం కూడా కళ్లు తెరిచి 1975లో నెవాడాలో రెడ్ ఫ్లాగ్ విన్యాసాలు మొదలుపెట్టింది. మొదటి పది పోరాటాలు బతికి బయటపడిన పైలట్‌కు తర్వాత ముప్పు బాగా తగ్గుతుంది కాబట్టి, ఆ పదీ శిక్షణలోనే చేయించెయ్యాలన్నది దాని వెనకున్న ఆలోచన. 2008లో మన సుఖోయ్‌లు కూడా అక్కడికి వెళ్లొచ్చాయి.

యుద్ధం జరుగుతుండగానే నేర్చుకోవడం సాధ్యమా?

సాధ్యమే. కార్గిల్‌లో మన వైమానిక దళం చేసి చూపించింది. 1999 మే 26న దాడులు మొదలయ్యాయి. 27న ఒక మిగ్-27, ఒక మిగ్-21 పోయాయి. 28న భుజం మీద నుంచి పేల్చే క్షిపణి ఒక ఎంఐ-17 హెలికాప్టర్‌ను కూల్చింది, అందులో ఉన్నవాళ్లంతా చనిపోయారు. క్షిపణిని దారి మళ్లించే ఫ్లేర్ల ఏర్పాటు ఆ హెలికాప్టర్‌కు లేదు. అంత ఎత్తున కొండ శిఖరాల మీద దాడి చేసిన అనుభవం ప్రపంచంలో ఏ వైమానిక దళానికీ పెద్దగా లేదు. పుస్తకంలో జవాబు లేదు.

రోజుల్లోనే పద్ధతి మారింది. ఆయుధాలు కట్టిన హెలికాప్టర్లను దాడుల నుంచి తప్పించారు. విమానాలు క్షిపణికి అందనంత ఎత్తున ఎగిరాయి. మిరాజ్ 2000లకు లేజర్ మార్గదర్శక బాంబులను హడావుడిగా జతచేశారు. జూన్ 17న ముంథో ధాలో సరఫరా శిబిరం మీద మిరాజ్‌ల మామూలు బాంబులు, 24న టైగర్ హిల్ మీద లేజర్ బాంబులు పడ్డాయి. మొదటి మూడు రోజుల నష్టానికి ఎవరి మెడ కోయాలా అని వెతుకుతూ కూర్చుంటే జూన్ అలా గడిచేది కాదు.

నేల మీద పదాతి దళం మాత్రం చాలా పాఠాలకు ప్రాణాలతో ధర కట్టింది. హైదరాబాద్ వాసి మేజర్ పద్మపాణి ఆచార్య, మహావీర చక్ర, జూన్ 28న ఒక శిఖరం దగ్గర కన్నుమూశారు. చలికాలంలో ఖాళీ చేసిన స్థావరాల్లోకి శత్రువు వచ్చి కూర్చోవచ్చన్న ఊహ ముందే ఎవరికైనా వచ్చి, ఆ మాట పైదాకా వెళ్లి ఉంటే అనిపిస్తుంది.

నేర్చుకున్నది మర్చిపోవడం కూడా ఉంటుందా?

చాలా ఎక్కువగా. మళ్లీ అమెరికా సైన్యాన్నే తీసుకోండి. ఎడారిలో ట్యాంకు యుద్ధం అంత శ్రద్ధగా నేర్చుకున్న ఆ తరమే, వియత్నాంలో గెరిల్లాలతో పోరాడి సంపాదించిన అనుభవాన్ని పక్కన పడేసింది. అది చేదు జ్ఞాపకం, మళ్లీ రాకూడదనుకున్న యుద్ధం. 2003లో బాగ్దాద్ వీధుల్లో తిరుగుబాటు ఎదురైనప్పుడు ఇంట్లో పుస్తకం లేదు. కొత్తది రాసుకుని 2006 డిసెంబరులో అచ్చేశారు. మధ్యలో మూడేళ్లు. నేర్చుకునే సంస్థ కూడా తనకు ఇష్టమైన పాఠాలే నేర్చుకుంటుందని దీని తర్వాత నాకు గట్టిగా అనిపించింది.

మర్చిపోకుండా ఉండటం ఎలాగో జలాంతర్గాములవాళ్లు చూపించారు. 1963 ఏప్రిల్ 10న అమెరికా జలాంతర్గామి థ్రెషర్ 129 మందితో మునిగిపోయింది. ఆ డిసెంబరుకల్లా సబ్‌సేఫ్ అనే భద్రతా కార్యక్రమం వచ్చింది. సముద్రపు నీటి ఒత్తిడిని తట్టుకోవాల్సిన ప్రతి పైపు, ప్రతి అతుకు ఎవరు చేశారో, ఎవరు పరీక్షించారో కాగితం మీద ఉండాలి. లేకపోతే పడవ లోతుకు దిగకూడదు. అంతకు ముందు సుమారు యాభై ఏళ్లలో యుద్ధంతో సంబంధం లేని కారణాలతో ఆ నౌకాదళం 16 జలాంతర్గాములను పోగొట్టుకుంది. ఆ తర్వాత పోయింది ఒక్క స్కార్పియన్, 1968లో. దానికి సబ్‌సేఫ్ ధ్రువీకరణ లేదు. ఆ పనిలో ఉన్నవాళ్లకు ఏటా జరిగే శిక్షణలో థ్రెషర్ కథ మళ్లీ చెబుతారు. అప్పటికి పుట్టనివాళ్లకు కూడా.

మన సైన్యంలో ఇలాంటి ఏర్పాట్లు ఉన్నాయా?

ఉన్నాయి, కొన్ని చాలా మంచివి. 1948లో గుల్మార్గ్‌లో స్కీ పాఠశాలగా మొదలైనదే ఇవాళ్టి హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్. అడవి యుద్ధానికి మిజోరంలోని వైరెంగ్టేలో పాఠశాల ఉంది. వైమానిక దళం 1971లోనే యుద్ధతంత్రాల కోసం టాక్డే అనే సంస్థ పెట్టుకుంది. 1991లో సైన్యానికి విడిగా శిక్షణ కమాండ్ ఏర్పడింది, ఇప్పుడు సిమ్లాలో ఉంది.

వీటన్నిటికంటే నాకు నచ్చేది కశ్మీర్‌లోని కోర్ బాటిల్ స్కూళ్లు. మైదానాల నుంచి వచ్చిన బెటాలియన్ నేరుగా లోయలోకి దిగదు. ముందు ఆ పాఠశాలలో ఉండి, అక్కడి ఇళ్లలో సోదా ఎలా, మందుపాతర ఎక్కడ పెడుతున్నారు, జనంతో ఎలా మాట్లాడాలి అన్నవి నేర్చుకుంటుంది. నేర్పేది ఆ ప్రాంతంలో పోరాడి వచ్చినవాళ్లే. 1987 జులై ఆఖరులో శ్రీలంక వెళ్లిన మన శాంతి దళానికి ఈ వెసులుబాటు లేదు. ఆ అక్టోబరులో జాఫ్నా విశ్వవిద్యాలయం మీద హెలికాప్టర్లలో దిగిన 13 సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లు ముప్పై మందిలో 29 మంది చనిపోయారు. ఆ దేశంలో మొత్తం సుమారు 1,200 మందిని పోగొట్టుకున్నాం. తెలియని నేల మీదకు, తెలియని శత్రువు మీదకు సిద్ధం చేయకుండా పంపితే ఏమవుతుందో ఆ ఏళ్లు చెప్పాయి.

తెలుగువాళ్ల ముద్ర కూడా ఈ కథలో ఉంది. శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన కె.వి. కృష్ణారావు లెఫ్టినెంట్ జనరల్‌గా ఉండగా 1975లో సైన్యం ఆధునికీకరణ మీద వేసిన నిపుణుల కమిటీకి నాయకత్వం వహించారు. 1971లో గెలిచిన సైన్యం నాలుగేళ్లకే తనను తాను ప్రశ్నించుకున్న అరుదైన సందర్భమది. తర్వాత సైన్యాధిపతి అయిన సుందర్జీ అందులో సభ్యుడు. యాంత్రిక పదాతి దళం (కవచ వాహనాల్లో వెళ్లి పోరాడే పదాతి దళం) లాంటి మార్పులకు ఆ ఆలోచనలు బాటవేశాయి. కృష్ణారావు తర్వాత 1981లో సైన్యాధిపతి అయ్యారు. ఇక సికింద్రాబాద్‌లోని కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్ 1970లో మొదలైంది. మూడు దళాల సీనియర్ అధికారులూ అక్కడ పక్కపక్కన కూర్చుని నిర్వహణ శాస్త్రం చదువుతారు, ఉస్మానియా విశ్వవిద్యాలయం పట్టా ఇస్తుంది.

లోటు ఎక్కడంటే, ఒక పాఠశాల గోడలు దాటి ఇంకో పాఠశాలకు పాఠం వెళ్లడంలో. దానికంటే పెద్ద లోటు రహస్యం పేరుతో తాళం వేసే అలవాటు. శత్రువుకు తెలిసిపోయిన సంగతిని మన లెఫ్టినెంట్ నుంచి దాచడంలో నాకు అర్థం కనపడదు.

మంచి సాఫ్ట్‌వేర్, డేటాబేస్ పెడితే సరిపోదా?

సరిపోదు. అమెరికా సైన్యం 1985లో ఫోర్ట్ లెవెన్‌వర్త్‌లో పాఠాల సేకరణ కేంద్రం పెట్టింది. అది నిలబడింది కంప్యూటర్ల వల్ల కాదు, అక్కడి మనుషులు రణరంగానికి వెళ్లి, జవాన్లతో కూర్చుని, ఇంకో యూనిట్ బయల్దేరేలోపు చిన్న పుస్తకాలుగా అందించడం వల్ల. ఎవరూ తెరవని ఫోల్డర్ కూడా బీరువా లాంటిదే.

ఇదంతా జరగడానికి ఎంతకాలం పడుతుంది?

అమెరికా సైన్యానికి 1973 నుంచి 1991 వరకు, అంటే దాదాపు ఒక అధికారి పూర్తి సర్వీసు. ఇరవయ్యేళ్ల తర్వాత ఫలితం వచ్చే పనిని మొదలుపెట్టే జనరల్‌కు ఆ ఫలితం చూసే అవకాశం ఉండదు. అయినా మొదలుపెట్టాలి.

నేను ఒక చిన్న యూనిట్ కమాండర్‌ను. పైవాళ్లు మారేదాకా ఆగాలా?

అక్కర్లేదు. కంపెనీ స్థాయిలో ఎవరి అనుమతీ లేకుండా చేయగలిగినవి చాలా ఉన్నాయి. ప్రతి గస్తీ తర్వాత పావుగంట సమీక్ష. దర్బార్‌లో, అంటే జవాన్లందరితో కమాండర్ జరిపే సమావేశంలో, మీరు మాట్లాడే సమయం సగానికి తగ్గించి, వినే సమయం పెంచడం. బదిలీపై వెళ్లేవాడు వచ్చేవాడితో కనీసం వారం రోజులు కలిసి తిరగడం. పొరుగు కంపెనీ కమాండర్‌తో టీ తాగుతూ ఈ వారం ఏది బెడిసికొట్టిందో ఒకరికొకరు చెప్పుకోవడం. ఒక నోటు పుస్తకం పెట్టి అందులో ఎవరైనా రాసే వీలు ఇవ్వండి, హవల్దారైనా వంటవాడైనా.

మొదటిసారి సమీక్ష పెట్టాను, ఒక్కరూ నోరు విప్పలేదు. ఏం చేయాలి?

మొదటిసారి అలాగే ఉంటుంది. ఇన్నేళ్లుగా మాట్లాడొద్దని నేర్పి, ఒక్క సాయంత్రం మాట్లాడమంటే ఎలా మాట్లాడతారు? కుర్చీ వదిలి వాళ్లతో పాటు నేల మీద కూర్చోండి. ఆ రోజు మీరు చేసిన పొరపాటు ఒకటి ముందు మీరే చెప్పండి. జరిగిన సంఘటనల వరస మాత్రం కింది ర్యాంకు నుంచి మొదలవ్వాలి. ‘ఎవరికైనా ఏమైనా చెప్పాలనుందా?’ అని అడిగితే ఎవరూ చెప్పరు. ‘రెండో మలుపు దగ్గర నీకు ఏం కనపడింది?’ అని ఒకరిని అడగండి, చెప్పేదాకా మౌనంగా ఉండండి. ఆ మౌనం చాలా పొడుగ్గా అనిపిస్తుంది, మధ్యలో మీరు పూరించకండి.

ఎవరో ఒక కుర్రాడు భయపడుతూ ఒక మాట అంటాడు. అది మీకు నచ్చకపోవచ్చు. ఆ మాటకు మీ ముఖం ఎలా మారుతుందో మిగతా ముప్పై మందీ చూస్తూ ఉంటారు. థాంక్స్ చెప్పి రాసుకోండి. మర్నాటి గస్తీ ఆదేశంలో అతను చెప్పిన మార్పు ఒకటి పెట్టి, అది ఎవరు చెప్పారో అందరి ముందూ అతని పేరుతో సహా చదవండి. ఆ తర్వాతి సమీక్షకు ఇద్దరు మాట్లాడతారు.